ప్రకృతిని కాపాడే రైతుకు ప్రభుత్వం డబ్బిస్తే పని జరుగుతుందా? అది న్యాయమేనా?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. వాగు గట్టున చెట్లు ఉంచినందుకు, వాలు భూమి దున్నకుండా వదిలినందుకు, ఎరువు తగ్గించినందుకు ప్రభుత్వం రైతుకు డబ్బిస్తే ప్రకృతికి నిజంగా మేలు జరుగుతుందా? ఎప్పటి నుంచో పద్ధతిగా సాగు చేస్తున్నవాళ్లకు ఏమీ ఇవ్వకుండా, ఇన్నాళ్లూ పాడు చేసి ఇప్పుడు మానేస్తామన్నవాళ్లకు ఇవ్వడం న్యాయమా? ఇంత తతంగం దేనికి, చట్టం చేసి జరిమానా వేస్తే సరిపోదా?

ఇలాంటి పథకాల రూపకల్పన, మదింపు నా వృత్తి. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా నా అభిప్రాయం. ముప్పులో ఉన్న భూమికి, నిజంగా నష్టపోతున్న మనిషికి, చెప్పిన మాట ప్రకారం డబ్బు అందిన చోట ఈ చెల్లింపులు పని చేశాయి. కానీ చాలా పథకాల్లో డబ్బులో పెద్ద భాగం అలాంటి చోటికి వెళ్లలేదు. సమర్థత కావాలంటే న్యాయం వదులుకోవాలి, న్యాయం కావాలంటే సమర్థత తగ్గుతుంది అని మా రంగంలో తరచూ అంటుంటారు. అది సగమే నిజం. రైతులు అన్యాయమని భావించిన పథకం ఎక్కువ కాలం పని చేయగా నేను చూడలేదు.

ఈ చెల్లింపుల వెనక ఉన్న తర్కం తేలికైనదే. ఎగువన ఉన్న రైతు పొలం అంచున పది మీటర్లు సాగు చేయకుండా గడ్డి, చెట్లు పెరగనిస్తే దిగువన ఉన్న పట్నానికి బురద లేని నీళ్లు వస్తాయి. ఆ పది మీటర్ల పంట పోయింది రైతుకు, లాభం వచ్చింది పట్నానికి. ధాన్యానికి ధర ఇచ్చే మార్కెట్ శుభ్రమైన నీటికి ఆ రైతుకు పైసా ఇవ్వదు. ఆ లోటును ప్రభుత్వం పూడ్చాలన్నది ఆలోచన. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎవరికి, ఎంత, దేనికి అన్న దగ్గరే మొదలవుతుంది.

పని చేసిందా లేదా అని తేల్చడానికి ఒక్కటే సరైన ప్రశ్న ఉంది: ఈ డబ్బు ఇవ్వకపోయి ఉంటే ఏమయ్యేది? వినడానికి తేలికగా ఉంటుంది గానీ ప్రభుత్వ నివేదికల్లో నూటికి తొంభై ఈ ప్రశ్న జోలికి పోవు. ఇన్ని లక్షల ఎకరాలు చేరాయి, ఇన్ని కోట్లు పంచాం అని రాసి ఊరుకుంటాయి. చేరిన భూమి ఎంతో చెప్పడం, జరిగిన మేలు ఎంతో చెప్పడం ఒకటి కాదు.

కోస్టారికా సంగతి చూడండి. ఈ రంగంలో అందరూ ముందుగా చెప్పే పేరు అదే. 1996లో అటవీ చట్టం తెచ్చి, 1997 నుంచి అడవి నిలుపుకున్న భూయజమానులకు చెల్లింపులు మొదలుపెట్టారు. కర్బనాన్ని పట్టి ఉంచడం, నీటి రక్షణ, జీవవైవిధ్యం, ప్రకృతి అందం అని నాలుగు సేవలను చట్టంలోనే రాసుకున్నారు. ఇంధనం మీద వచ్చే పన్నులో ఒక వాటాను దీనికి కేటాయించారు. ఒకప్పుడు విపరీతంగా నరికివేతకు గురైన ఆ దేశంలో ఇప్పుడు సగానికి పైగా భూమి మీద అడవి ఉంది. ఇది చెప్పుకోదగ్గ విజయమే, అందులో అనుమానం లేదు. అయితే అదే చట్టం అడవిని కొట్టి వేరే వాడకానికి మార్చడాన్ని నిషేధించింది కూడా. పథకం రాకముందే పశువుల పెంపకంలో లాభాలు పడిపోయాయి, పర్యాటకం పెరిగింది, నరికివేత అప్పటికే బాగా తగ్గింది. ఇవన్నీ పక్కకు తీసి లెక్క వేసినవాళ్లకు, మొదటి సంవత్సరాల్లో చెల్లింపుల వల్ల మాత్రమే అదనంగా మిగిలిన అడవి చాలా తక్కువని తేలింది. ఎవరూ నరకబోని అడవికే ఎక్కువ డబ్బు వెళ్లింది.

ఇందులో అవినీతి ఏమీ లేదు. చేరడం స్వచ్ఛందం, రేటు అందరికీ ఒకటే అయితే జరిగేది ఇదే. ముందుగా ఎవరు వస్తారు? నిటారుగా ఉన్న కొండ, రోడ్డుకు దూరం, రాళ్ల నేల, ఎలాగూ సాగుకు పనికిరాని భూమి ఉన్నవాళ్లు. వాళ్లకు చేరడం వల్ల పోయేది ఏమీ లేదు. మంచి ధర పలికే పంట వేయడానికి రేపో మాపో చెట్లు కొట్టేయాలని చూస్తున్న రైతుకు ఆ రేటు చాలదు, అతను రాడు. ఎవరిని ఆపాలో అతను బయటే ఉంటాడు. మెక్సికో 2003లో నీటి రుసుముల డబ్బుతో మొదలుపెట్టిన పథకంలోనూ తొలి ఏళ్లలో ఇదే జరిగింది. తర్వాత వాళ్లు ఎంపిక ప్రమాణాల్లో నరికివేత ముప్పును కూడా చేర్చారు. తర్వాతి మదింపుల్లో చేరిన భూముల్లో అడవి నష్టం గణనీయంగా తగ్గినట్టు కనబడింది. పథకాన్ని ఎత్తేయకుండా సరిదిద్దుకుంటూ పోయిన తీరు నాకు నచ్చుతుంది.

సరైన చోట ఇస్తే ఎంత పని జరుగుతుందో చూపించిన ప్రయోగం ఉగాండాలో జరిగింది. ఫలితాలు 2017లో వచ్చాయి. దాన్ని నడిపింది స్వచ్ఛంద సంస్థే అయినా ప్రభుత్వ పథకాలకూ అందులో పాఠం ఉంది. 121 ఊళ్లు తీసుకుని, లాటరీ పద్ధతిలో 60 ఊళ్లలో మాత్రమే, సొంత అడవి ఉన్న కుటుంబాలకు చెట్లు కొట్టకుండా ఉంటే హెక్టారుకు ఏడాదికి 70,000 ఉగాండా షిల్లింగులు ఇస్తామన్నారు. అప్పటి లెక్కలో సుమారు 28 డాలర్లు. రెండేళ్లలో పథకం లేని ఊళ్లలో చెట్ల విస్తీర్ణం 9.1 శాతం తగ్గితే, పథకం ఉన్న ఊళ్లలో 4.2 శాతం తగ్గింది. అర్హులైన వాళ్లలో మూడో వంతు మందే చేరినా ఈ తేడా వచ్చింది. కారణం అక్కడ నరికివేత జోరుగా ఉండటం. ముప్పు ఉన్న చోట కొద్ది డబ్బు కూడా పెద్ద తేడా తెస్తుంది.

ఇక రెండో చిక్కు. ఇక్కడ ఆపితే అక్కడ మొదలవుతుంది. ఒక పొలం బీడు వదిలి డబ్బు తీసుకున్న రైతు పక్కనే ఉన్న గడ్డిభూమిని దున్నితే మిగిలేదేమిటి? అమెరికా 1985లో కోతకు గురయ్యే భూములను పది నుంచి పదిహేనేళ్లు సాగు నుంచి తప్పించడానికి అద్దె చెల్లించే పథకం తెచ్చింది. తప్పించిన ప్రతి 100 ఎకరాలకు దాదాపు 20 ఎకరాల కొత్త భూమి సాగులోకి వచ్చిందని 2000 సంవత్సరంలో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ పద్ధతిని ప్రశ్నించిన ఆర్థికవేత్తలూ ఉన్నారు, కాబట్టి ఆ సంఖ్యను శిలాశాసనంగా తీసుకోనక్కర్లేదు. ఉగాండాలో ఇలా పక్కకు జరిగిన దాఖలా కనిపించలేదు. కాబట్టి ఇది ప్రతిచోటా జరుగుతుందని కాదు. ఒప్పందం ఒక పొలం ముక్కకు కాకుండా రైతు మొత్తం భూమికి వర్తించేలా రాస్తే ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది.

రేటు విషయానికి వద్దాం. సమర్థత, న్యాయం రెండూ ముడిపడేది ఇక్కడే.

చైనా 1998లో యాంగ్జీ నది వరదల తర్వాత, 1999లో వాలు భూముల మీద సాగు మాన్పించి చెట్లు, గడ్డి పెంచే కార్యక్రమం మొదలుపెట్టింది. ముఖ్యంగా 25 డిగ్రీలు దాటిన వాలుల మీద దృష్టి పెట్టారు. దాదాపు 3.2 కోట్ల కుటుంబాలు అందులోకి వచ్చాయి. పరిహారం మొదట్లో ధాన్యం, కొంత నగదు. యాంగ్జీ పరీవాహకంలో హెక్టారుకు ఏడాదికి 2,250 కిలోలు, పసుపు నది పరీవాహకంలో 1,500 కిలోలు. అంత పెద్ద దేశానికి రెండే రేట్లు. కొందరికి తమ పొలం ఎప్పుడూ పండించనంత ధాన్యం వచ్చింది. బాగా పండే భూమి వదులుకున్నవాళ్లకు పండించినంత కూడా రాలేదు. పైగా చేరడం స్వచ్ఛందమని కాగితం మీద ఉన్నా, కింది స్థాయి అధికారులకు లక్ష్యాలు ఉన్నప్పుడు రైతుకు వద్దనే వీలు ఎంత ఉంటుంది? చాలా ఊళ్లలో ఏ భూమి చేరాలో, ఏ చెట్టు నాటాలో రైతు చేతిలో లేదని పరిశోధకులు రాశారు. నేల కోత తగ్గింది, పచ్చదనం పెరిగింది, పేద కుటుంబాలకు ఆదాయం అందింది, ఇవన్నీ నిజాలు. అయితే సిచువాన్ ప్రాంతంలో చేసి 2016లో వెలువరించిన పరిశీలనలో కొత్తగా పెరిగిన అడవుల్లో ఎక్కువ భాగం ఒకే జాతి చెట్లతో, లేదా కొద్ది జాతులతోనే నిండి ఉన్నాయని, సహజ అడవితో పోలిస్తే పక్షులు, తేనెటీగల వైవిధ్యం తక్కువని తేలింది. చెట్ల కవరుకు డబ్బిస్తే చెట్ల కవరే వస్తుంది. పక్షులు కావాలంటే పక్షుల సంగతి ఒప్పందంలో ఉండాలి.

అందరికీ ఒకే రేటు వద్దనుకుంటే వేలం ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2001లో తమ పొలాల్లోని సహజ వృక్షసంపదను కాపాడటానికి ఎంత తీసుకుంటారో రైతులనే సీలు కవర్లలో రాసి ఇమ్మంది. ఒక్కో భూమి వల్ల జరిగే మేలుకు మార్కులు వేసి, రూపాయికి ఎక్కువ మేలు వచ్చే వాటిని ఎంచుకుంది. అంతే మేలు స్థిర రేటుతో సాధించాలంటే దాదాపు ఏడు రెట్లు ఖర్చయ్యేదని దాన్ని రూపొందించిన ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. అమెరికా కూడా 1990ల నుంచి తన పథకంలో భూముల పర్యావరణ ప్రయోజనానికి మార్కులు వేసి పోటీలో ఎంచుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు గరిష్ఠ రేటు ఎంతో రైతులకు తెలిసిపోయి అందరూ అదే రాసేవారు.

వేలం పొదుపు చేస్తుంది, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. తక్కువకు ఒప్పుకున్నవాళ్లు తక్కువ నష్టపోతున్నారని అనుకోవడం పొరపాటు. కొందరు తక్కువకు ఒప్పుకునేది భూమి పనికిరానిది కావడం వల్ల, ఇంకొందరు ఒప్పుకునేది చేతిలో నగదు లేక, వేరే దారి లేక. పేదల అవసరాన్ని చౌక ధరగా మార్చుకుని దానికి సమర్థత అని పేరు పెట్టడం నాకు ఒప్పదు. సగటు ఆదాయాలు దగ్గర దగ్గరగా ఉన్న చోట వేలం బాగా సరిపోతుంది. అంతరాలు ఎక్కువగా ఉన్న చోట వేలానికి కనీస ధర పెట్టాలి. పంట నష్టం ఎంతో స్థానికంగా లెక్క కట్టి, అంతకంటే తక్కువకు ఎవరి దగ్గరా కొనకూడదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ముందు నుంచీ మంచిగా చేస్తున్నవాళ్ల సంగతి. దీని మీద రైతుల్లో ఉన్న కోపం నాకు పూర్తిగా అర్థమవుతుంది. తాత నాటిన గట్టు చెట్లను కొట్టకుండా ఉంచిన రైతుకు ‘మీ దగ్గర కొత్తగా జరిగే మేలు ఏమీ లేదు’ అని దరఖాస్తు వెనక్కి పంపుతారు. పదేళ్ల కిందట చెట్లన్నీ కొట్టేసిన పొరుగు రైతుకు మళ్లీ నాటడానికి డబ్బిస్తారు. మార్పుకే డబ్బు అనే సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే వచ్చేది ఇదే. ఇది అన్యాయమే కాదు, ప్రమాదం కూడా. కాపాడినవాళ్లకు ఏమీ రాదని తెలిస్తే వచ్చే పథకం కోసం ముందే కొట్టేసి కూర్చునేవాళ్లు బయల్దేరతారు. ఎన్నేళ్లుగానో బాధ్యతగా చేస్తున్న పని మీద మమకారం పోతుంది.

అలాగని కాపాడిన ప్రతి ఒక్కరికీ ఇస్తూ పోతే కోస్టారికా తొలి ఏళ్ల కథే మళ్లీ. నా దృష్టిలో ఈ రెండు పనులను ఒకే పద్దు కింద, ఒకే రేటుతో చేయాలని చూడటమే గందరగోళానికి మూలం. నిలుపుకున్నందుకు ఒక చెల్లింపు ఉండాలి. అది చిన్నది, కాగితాల బెడద లేనిది, ఏటా నమ్మకంగా వచ్చేది. మార్చుకున్నందుకు మరో చెల్లింపు ఉండాలి. అది పెద్దది, ముప్పున్న చోటికే పరిమితమైనది, గట్టి తనిఖీ ఉన్నది. మొదటిదాన్ని గుర్తింపుగా, బీమాగా చూడాలి. అదనపు మేలు ఎంత వచ్చిందని లెక్క అడగాల్సింది రెండోదాన్నే. రెండూ కలిపేస్తే రాజకీయ ఒత్తిడి డబ్బునంతా మొదటి వైపుకు లాగేస్తుంది, పేరు మాత్రం రెండోది ఉంటుంది. ఐరోపా సమాఖ్య ఖర్చులను తనిఖీ చేసే ఐరోపా ఆడిటర్ల కోర్టు 2021లో బయటపెట్టింది ఇలాంటి తేడానే. 2014 నుంచి 2020 వరకు వ్యవసాయ బడ్జెట్‌లో వాతావరణ లక్ష్యాల పేరుతో 10,000 కోట్ల యూరోలు చూపించారు. కానీ 2010 నుంచి సాగు రంగం ఉద్గారాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదని కోర్టు తేల్చింది.

పాడు చేసినవాళ్లకు డబ్బివ్వడం గురించి. ఇక్కడ ఒక గీత గీయాలి. ఆ గీత ఎక్కడ అనేది శాస్త్రం తేల్చే విషయం కాదు, సమాజం తేల్చుకోవాల్సింది. గీతకు కింద ఉన్నది ప్రతి రైతు బాధ్యత. పురుగుమందు డబ్బా వాగులో కడగకూడదు, పక్కవాళ్ల బావి పాడు చేయకూడదు. వాటికి డబ్బు అడగడం కుదరదు. గీతకు పైన చేసేది సేవ. దానికి సమాజం చెల్లించాలి. కాలుష్యం చేసినవాళ్లే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని సంపన్న దేశాలు 1972లోనే ఒప్పుకున్నాయి. ఫ్యాక్టరీలకు దాన్ని అమలు చేసిన ప్రభుత్వాలు సాగు దగ్గరికి వచ్చేసరికి చాలా చోట్ల సర్దుకుపోయాయి. కారణాలు లేకపోలేదు. పైపు నుంచి వచ్చే కాలుష్యాన్ని కొలవచ్చు. వందల పొలాల నుంచి వానతో కొట్టుకొచ్చే నత్రజనిలో ఎవరిది ఎంతో చెప్పడం కష్టం. పైగా అదే ప్రభుత్వం నిన్నటిదాకా ఎక్కువ పండించండి, ఎక్కువ ఎరువు వేయండి అని సబ్సిడీ ఇచ్చి ఉంటుంది. ప్రభుత్వం చెప్పిందే చేసిన రైతును ఈ రోజు నేరస్థుడిలా నిలబెట్టడం తగదు. అందుకే గీతను పైకి జరపాలనుకుంటే కొన్నేళ్ల గడువు, ఆ గడువులో మారడానికి సాయం, తర్వాత సాయం లేని నియమం. ఈ వరుస నాకు సబబుగా తోస్తుంది. గడువు లేని సాయం అలవాటుగా మారుతుంది, సాయం లేని నియమం చిన్న రైతును ముంచుతుంది.

న్యాయం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం వేరే ఉంది. పథకాలన్నీ భూమి పేరు మీద నడుస్తాయి, పని చేసేవాళ్ల పేరు మీద కాదు. హెక్టారుకు ఇంత అన్నప్పుడే ఎక్కువ భూమి ఉన్నవాళ్లకు ఎక్కువ వెళ్తుంది. ఐరోపాలో నేరుగా ఇచ్చే సాగు చెల్లింపుల్లో దాదాపు 80 శాతం 20 శాతం మందికే చేరుతుందన్నది ఎప్పటి నుంచో తెలిసిన సంగతి. పట్టా లేనివాళ్లు చేరలేరు. కోస్టారికాలో మొదట్లో పేద రైతులను ఎక్కువగా బయట ఉంచింది ఈ షరతే, తర్వాత దాన్ని సడలించాల్సి వచ్చింది. కౌలు రైతు సంగతి మరీ దారుణం. వాగు పక్క పది మీటర్లు వదిలింది కౌలు రైతు, పంట తగ్గింది కౌలు రైతుకు, చెల్లింపు వెళ్లేది భూయజమాని ఖాతాకు. ఒకవేళ ఒప్పందం కౌలు రైతు పేరు మీదే రాసినా మరుసటి ఏడాది కౌలు పెరగవచ్చు. సాయం ఎవరికి ఇచ్చినా చివరికి అందులో కొంత భూమి ధరలో, కౌలులో ఇంకిపోతుందన్నది ఆర్థికవేత్తలు చాలా దేశాల్లో చూసిన విషయం. భూమిని మొత్తానికి సాగు నుంచి తప్పించే పథకం అయితే కౌలు రైతుకు, కూలీలకు అక్కడ పనే ఉండదు. వాళ్లకు జరిగిన నష్టం ఏ నివేదికలోనూ లెక్కకు రాదు.

దీనికి పూర్తి మందు నా దగ్గర లేదు. కానీ కొన్ని చేయవచ్చు. సాగుదారు సంతకం లేకుండా ఒప్పందం చెల్లదని రాయవచ్చు. మొదటి కొన్ని హెక్టార్లకు ఎక్కువ రేటు, ఆపైన తక్కువ రేటు పెట్టవచ్చు. మెక్సికోలో ఉమ్మడి భూములున్న గ్రామ సమాజాలతోనే ఒప్పందాలు చేసుకున్నట్టు, గుంపుగా చేరే వీలు కల్పించవచ్చు. అర ఎకరం రైతుకైనా వంద ఎకరాల రైతుకైనా దరఖాస్తు, సర్వే, తనిఖీల ఖర్చు దాదాపు ఒకటే. అందుకే చిన్న రైతులు విడివిడిగా వస్తే అధికారులకు విసుగు, వాళ్లకూ గిట్టదు. నెదర్లాండ్స్ 2016 నుంచి ఇలాంటి ఒప్పందాలను విడి రైతులతో మానేసి, దాదాపు 40 రైతు సంఘాలతోనే చేసుకుంటోంది. పక్షులకు, నీటికి పొలం సరిహద్దులు తెలియవు కదా, పక్కపక్క పొలాలు కలిస్తేనే ఫలితం. సంఘం లోపల డబ్బు ఎలా పంచుకోవాలో, ఏ పొలంలో ఏం చేయాలో వాళ్లే తేల్చుకుంటారు.

ఇక్కడ న్యాయం సమర్థతకు ఎలా దారి తీస్తుందో చూపే ఉదాహరణ ఒకటి ఉంది. పంజాబ్‌లో వరి కోశాక కొయ్యలు తగలబెట్టకుండా ఉంటే డబ్బిస్తామని ఒక క్షేత్ర ప్రయోగం చేశారు. కొన్ని ఊళ్లలో తగలబెట్టలేదని తేలాకే మొత్తం ఇస్తామన్నారు. మరికొన్ని ఊళ్లలో కొంత భాగం ఏ షరతూ లేకుండా ముందే చేతిలో పెట్టారు. అంతా తర్వాతే ఇస్తామన్న ఊళ్లలో తగలబెట్టడం తగ్గలేదు. ముందు కొంత ఇచ్చిన ఊళ్లలో తగ్గింది. మామూలు తర్కం ప్రకారం ఇది తిరగబడినట్టు ఉంటుంది, ముందే ఇస్తే మనిషి పని ఎందుకు చేస్తాడని. కానీ రైతు వైపు నుంచి చూడండి. కొయ్యలను కలియదున్నే యంత్రానికి అద్దె ఇప్పుడే కట్టాలి, డబ్బు ఎప్పుడో వస్తుందట, వస్తుందన్న నమ్మకం లేదు. రైతు ప్రభుత్వాన్ని నమ్మాలని అడిగే పథకం ముందు రైతును కొంచెం నమ్మాలి. నేను చూసిన పథకాల్లో రైతులు ఎక్కువగా చెప్పిన ఫిర్యాదు రేటు గురించి కాదు, ఆలస్యం గురించి.

పనికి డబ్బివ్వాలా, ఫలితానికా అన్నది మరో చర్చ. ఐర్లండ్‌లోని బర్రెన్ అనే సున్నపురాయి ప్రాంతంలో పూలగడ్డి మైదానాలకు ఒకటి నుంచి పది వరకు మార్కులు వేసి, మార్కును బట్టి చెల్లించే పద్ధతి తెచ్చారు. పశువులను ఎప్పుడు తోలాలి, ఎంత మేపాలి అన్నది రైతుకే వదిలేశారు. మార్కు పెరిగితే డబ్బు పెరుగుతుంది. అది రైతు తెలివికి విలువ ఇచ్చే పద్ధతి, అందుకే నాకు చాలా ఇష్టం. అయితే అన్ని చోట్లా కుదరదు. వాన రాకపోయినా, ఎగువ ఊరు నీళ్లు పాడు చేసినా ఫలితం తప్పుతుంది, శిక్ష రైతుకు పడుతుంది. కొంత భాగం పనికి, కొంత భాగం ఫలితానికి అన్న మిశ్రమం ఎక్కువ చోట్ల సరిపోతుంది.

మూడో ప్రశ్న: చట్టం, జరిమానా చాలవా? కొన్నిటికి చాలు, ఆ గీత గురించి పైన రాశాను. కానీ నిషేధం ఒక్కటే ఉంటే ఖర్చంతా భూమి ఉన్నవాళ్ల మీదే పడుతుంది, వాళ్లు దాన్ని తప్పించుకునే మార్గాలు వెతుకుతారు. చెట్టు మొలకెత్తగానే పీకేస్తారు, పెద్దదైతే నిషేధం వర్తిస్తుందని. కోస్టారికాలో నిషేధాన్ని రైతులు ఒప్పుకోగలిగింది పక్కనే చెల్లింపు ఉండటం వల్లేనని చాలామంది పరిశీలకుల మాట, నేనూ అదే నమ్ముతాను. చెల్లింపు విడిగా చేసిన మేలు చిన్నదే కావచ్చు, చట్టం నిలబడటానికి అది చేసిన సాయం ఏ లెక్కలోనూ కనబడదు.

న్యూయార్క్ నగరం దీన్ని మరోలా చేసింది. క్యాట్‌స్కిల్ కొండల నుంచి వచ్చే తాగునీటిని శుద్ధి చేసే కేంద్రం కట్టాలంటే 600 కోట్ల డాలర్లకు పైగా అవుతుందని అంచనా వేశారు. మొదట నగరం పొలాల మీద కఠినమైన నియమాలు తేబోయింది. రైతులు ఎదురు తిరిగారు. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, చేరడం స్వచ్ఛందం, మార్పుల ఖర్చు నగరానిది, కార్యక్రమం నడిపేది రైతుల సొంత మండలి. కానీ ఐదేళ్లలో కనీసం 85 శాతం పొలాలు చేరాలి. ఆ లక్ష్యం దాటింది. నీళ్లు తాగేవాళ్లే నీళ్లు కాపాడేవాళ్లకు చెల్లించారు, ఎవరికి ఎందుకు ఇస్తున్నారో ఇద్దరికీ తెలుసు. పన్ను డబ్బు పెద్ద గంగాళంలో కలిసిపోయి పంచే పథకాల్లో ఈ స్పష్టత దొరకదు.

మీరు అడగలేదు గానీ నాలుగో ప్రశ్న ఒకటి మిగిలింది: డబ్బు ఆగిపోతే? అమెరికా పథకంలో 2007 నాటికి 3.68 కోట్ల ఎకరాలు ఉన్నాయి. మొక్కజొన్న ధర పెరగడంతో గడువు తీరిన రైతులు లక్షల ఎకరాలు మళ్లీ దున్నేశారు, 2014 చట్టం పరిమితినే 2.4 కోట్ల ఎకరాలకు తగ్గించింది. పదేళ్లు నేలలో చేరిన కర్బనం మళ్లీ దున్నడం మొదలుపెడితే తిరిగి గాలిలోకి పోతుంది. ఇంగ్లండ్‌లో 2025 మార్చిలో, ప్రకృతికి మేలు చేసే సాగుకు డబ్బిచ్చే కొత్త పథకానికి దరఖాస్తులు దాదాపు ముందస్తు హెచ్చరిక లేకుండా ఆపేశారు. అప్పటికే పొలం ప్రణాళిక మార్చుకుని, దరఖాస్తు సిద్ధం చేసుకున్న రైతులు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు మిగిలారు. అలాంటి ఒక్క సంఘటన పదేళ్ల ప్రచారాన్ని తుడిచేస్తుంది.

అయినా ఆగిపోతే అంతా వృథా అనను. ఉగాండా ప్రయోగం చేసినవాళ్లు, పథకం ముగిశాక రైతులు ఇంకా వేగంగా నరికి నాలుగేళ్లలో పాత లెక్కకు చేరుకుంటారని అనుకునే లెక్క కట్టారు. అలా అనుకున్నా, ఉద్గారాలు ఆ కొన్నేళ్లు ఆలస్యమైనందువల్ల కలిగిన ప్రయోజనం ఖర్చుకు 2.4 రెట్లు ఉందని తేలింది. నీళ్లు, కర్బనం లాంటి వాటికి వాయిదా కూడా విలువైనదే. ఒక్కసారి పోతే తిరిగి రాని జాతుల విషయంలో అది చాలదు, అక్కడ ఏటా చెల్లించే ఒప్పందం కంటే హక్కులనే శాశ్వతంగా కొనేయడం మేలు. కాబట్టి మీ దగ్గరికి ఏ పథకం వచ్చినా రేటు ఎంతో చూసే ముందు ఈ మూడూ అడగండి: ఒప్పందం ఎన్నేళ్లు, మధ్యలో ప్రభుత్వం మాట తప్పితే రైతుకు ఏం దక్కుతుంది, గడువు ముగిశాక ఆ భూమిని తన ఇష్టప్రకారం వాడుకునే హక్కు రైతుకు మిగులుతుందా. మూడోది చాలా ఒప్పందాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. బీడు వదిలిన భూమిలో పెరిగిన గడ్డి, చెట్లు వేరే చట్టం కింద రక్షణలోకి వెళ్లిపోతే ఆ భూమిని మళ్లీ సాగులోకి తెచ్చుకోవడం కుదరకపోవచ్చు.